ఊడ్పుల ఫొటోల్లో ముఖాలు నల్లగా, కొంగలు సున్నపు ముద్దల్లా వస్తున్నాయి: దారి చెప్పగలరు

ప్రశ్న (రాజోలు వైపు నుంచి)

అందరికీ నమస్కారం. నేను బడిపంతులుని. సెలవు రోజుల్లో కాలువ గట్ల వెంట స్కూటరు మీద తిరుగుతూ పల్లె పనులను ఫొటోలు తీయడం రెండేళ్లుగా అలవాటు చేసుకున్నాను. నా దగ్గర ఉన్నది 18–55 మి.మీ. లెన్సు గల సాధారణమైన కెమెరా. ఈ సార్వాలో (వానాకాలపు వరి పంటలో) ఊడ్పుల ఫొటోలు, అంటే వరి నాట్లు వేసేవాళ్ల ఫొటోలు, చాలా తీశాను గాని, మబ్బు పట్టిన రోజున ఆకాశమంతా తెల్ల కాగితంలా, తలగుడ్డ కట్టుకున్న ఆడవాళ్ల ముఖాలు పోల్చుకోలేనంత నల్లగా వస్తున్నాయి. అదే పొలాల్లో వాలిన కొంగలు మాత్రం ఈకల జాడ లేకుండా సున్నపు ముద్దల్లా కనిపిస్తున్నాయి. ఒకే కెమెరా ఒకచోట నలుపు, మరొకచోట తెలుపు ఎందుకు చేస్తోందో బోధపడలేదు. ఇంకొక సంగతి, నేను కెమెరా ఎత్తగానే పని ఆగిపోతుంది. కొందరు నడుం ఎత్తి నిలబడతారు, కొందరు ముఖం తిప్పుకుంటారు. దొంగచాటుగా తీయడం నాకు ఇష్టం లేదు.

సమాధానం (నర్సాపురం నుంచి)

రెండింటికీ కారణం ఒక్కటేనండి. కెమెరా తన ముందున్న వెలుగును సగటు కట్టి, దానిని నడిమి బూడిద రంగు స్థాయికి తేవాలని చూస్తుంది. ఫ్రేములో సగానికి పైగా తెల్లని ఆకాశం ఉంటే వెలుగు ఎక్కువైందనుకొని మొత్తం తగ్గిస్తుంది, కనుక ముఖాలు చీకటవుతాయి. ముదురు పచ్చని చేలో చిన్న కొంగ ఒకటే ఉంటే వెలుగు చాలదనుకొని పెంచుతుంది, కనుక కొంగ తెల్లగా కాలిపోతుంది. ఎక్స్‌పోజర్ సవరణను, అంటే ఫొటో వెలుగును మనమే పెంచి తగ్గించే మీటను, ముఖాలకు ప్లస్ 1 వైపు, కొంగలకు మైనస్ 1 వైపు జరిపి చూడండి. రా ఫైలుగా (కెమెరా పట్టిన వివరమంతా ఉంచే ఫైలుగా) తీస్తే నీడలో దాగిన వివరాన్ని తర్వాత కొంత పైకి తేవచ్చు గాని, పూర్తిగా తెల్లబడిన చోట తేవడానికి ఏమీ మిగలదు. కాబట్టి కొంగల విషయంలో తగ్గించి తీయడమే మేలు.

అయితే మీటలకన్నా మనం నిలబడే చోటు ముఖ్యమని నా నమ్మకం. ఊడ్చేవాళ్లు నాటుతూ వెనక్కి నడుస్తారు గనుక, వాళ్ల ముఖాలు ఎప్పుడూ అప్పటికే నాటిన వైపే ఉంటాయి. పని మొదలైన గట్టు మీద నిలబడితే ముఖాలతో పాటు మధ్యలో కొత్త నాటు కూడా కనిపిస్తుంది. కాని వాళ్లు అంతకంతకూ దూరమవుతారు, మీ 55 మి.మీ. లెన్సుకు అందకుండా పోతారు. అందుకని మొదటి మడిలో దిగే వేళకే మీరు అక్కడ ఉండాలి. కాస్త ఎత్తైన కాలువ గట్టు దొరికితే లెన్సును కిందికి వంచండి, ఆకాశం దానంతటదే తప్పుకుంటుంది. పైగా దమ్ము చేసిన మడిలో నిలిచిన పలుచని నీరు ఆకాశపు వెలుగును కింది నుంచి వంగిన ముఖాల మీదికి తిప్పికొడుతుంది. పైరు ఎదిగి నీటిని కమ్మేశాక ఆ వెలుగు దొరకదు.

సమాధానం (సఖినేటిపల్లి నుంచి)

ఆకాశాన్ని తప్పించాలన్న మాటతో నేను ఏకీభవించలేను. కొండ అన్నది కంటికి ఆనని లంక ఊళ్లలో ఆకాశాన్ని తీసేస్తే ఊరు సగం పోయినట్టే. వాన దిగే ముందు మబ్బు పొరలుగా విడిపోయినప్పుడు, కొబ్బరి తోటల వరుసను సన్నని గీతలా అడుగున ఉంచి, మబ్బుకు సరిపడా ఎక్స్‌పోజర్ తగ్గించి తీయండి. గోదావరి పాయ వశిష్ఠను దాటే పంటు (రేవు పడవ) మీద నేను అలాగే తీస్తాను. సైకిలు పట్టుకొని నిలబడ్డ మనిషి, నెత్తిన తట్ట పెట్టుకున్న మనిషి వట్టి నల్లని రూపులుగా నిలుస్తారు, అదే ఆ ఫొటోకు అందం. ముఖం కావాలా, ఆకాశం కావాలా అన్నది ముందే తేల్చుకోండి.

సమాధానం (అంబాజీపేట నుంచి)

మాస్టారూ, మీ రెండో ప్రశ్నే నాకు పెద్దదిగా తోచింది. మోకాళ్ల పైకి చీర దోపుకొని బురదలో ఉన్న మనిషికి ఎవరో గట్టు మీద నుంచి తనను చూస్తున్నారంటే ఇబ్బందిగానే ఉంటుంది. నేను మా ఊరి కొబ్బరి వాకిళ్లలో కాయ ఒలిచేవారి ఫొటోలు తీస్తుంటాను. మొదట్లో నన్ను చూసి వాళ్లూ అలాగే పని ఆపేసేవారు. ఒకరోజు ఒక పెద్దాయన, ‘గునపం దగ్గర కాదమ్మా, చొక్కా వేసుకొని వస్తాను, అప్పుడు తియ్యి’ అన్నారు. సరేనని నిటారుగా నిలబెట్టి, కెమెరాలోకి సూటిగా చూస్తుండగా తీసి, మరుసటి వారం కార్డు సైజులో వేయించి ఇచ్చాను. దాని తర్వాత మిగిలినవాళ్లు కూడా తమవి అడిగారు. ఎవరికి కావలసిన ఫొటో వారికి ముందు ఇచ్చేశాక, నేను పక్కనే కూర్చుని 1/500 సెకనులో ఒలుపు తీస్తున్నా తల ఎత్తేవారు కాదు. మీరు కూడా ముందు మేస్త్రిని (కూలీల ముఠా పెద్దను), తర్వాత వాళ్లందరినీ అడగండి. కూడదన్నవారిని ఫ్రేములోకి రానివ్వకండి. దూరం నుంచి పెద్ద లెన్సుతో తీసుకోవచ్చని ఎవరైనా చెబితే వినకండి, అది మీరు వద్దనుకుంటున్న దొంగచాటే.

ప్రశ్న అడిగినవారి మాట

అందరికీ కృతజ్ఞతలు. మొన్న ఆదివారం తెల్లవారకముందే వెళ్లి మేస్త్రిని అడిగాను. అల్పాహారానికి గట్టెక్కినప్పుడు తొమ్మిది మంది కాళ్లు కడుక్కొని, కొంగులు సర్దుకొని వరుసగా నిలబడ్డారు. ఇంకొకామె మాత్రం తనది వద్దన్నారు, ఆమెను తీయలేదు. తర్వాత మడిలోకి దిగినప్పుడు మొదలుపెట్టిన గట్టు మీదే నిలబడి, సవరణ ప్లస్ 0.7 దగ్గర ఉంచి తీశాను. నీటి వెలుగు గడ్డాల కింద, బుగ్గల మీద పడటం నా కళ్లతో చూశాను. ఇన్నాళ్లూ ఆ మడి పక్కనే తిరిగి గమనించలేదు. ఆకాశం కూడా ఒక్క ఫొటోలో ఉంచాను, సఖినేటిపల్లి వారి మాట కోసం. కొంగలు ఇంకా కుదరలేదు. తొమ్మిది కార్డులు వేయించాను. ఆ ముఠా ఈ ఆదివారం ఏ చేలో దిగుతుందో మేస్త్రికి ఫోను చేసి కనుక్కోవాలి.