చైనా మూలికల కషాయం ఇంట్లో కాచడం, సూదులు: వార్ఫరిన్ వాడుతున్నవాళ్ళకి ఫర్వాలేదా?

ప్రశ్న (కళ్యాణి_సింగపూర్):
మా అత్తగారికి మోకాళ్ళ గుజ్జు అరిగి నొప్పి. ఇక్కడ మెడికల్ హాల్‌లో (చైనా మందుల కొట్టు) వైద్యుడు వారానికి రెండుసార్లు ఆక్యుపంక్చర్ సూదులు, రోజుకో మూలికల పొట్లం చెప్పారు. పెద్ద పొట్లంలో రెండు చిన్న పొట్లాలు విడిగా ఉన్నాయి: ఒకదాని మీద ముందు కాచమని, ఇంకోదాని మీద చివర్లో వేయమని రాశారు. ఆవిడ వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు), బీపీ మాత్రలు వేసుకుంటారు. అన్నీ కలిపి కుక్కర్‌లో పెట్టేయొచ్చా?

జవాబు (మూలిక):
కళ్యాణి గారూ, పొయ్యి వెలిగించేముందు పొట్లంలో ఉన్న ప్రతి మూలిక పేరూ ఇంగ్లీషు అక్షరాల్లో రాయించుకుని, వార్ఫరిన్ రాసిన డాక్టరుకి చూపించండి. ఇది మొహమాటపడే విషయం కాదు. దాన్‌షెన్, దాంగ్‌గుయ్ అనే వేళ్ళు నొప్పుల మందుల్లో తరచుగా పడతాయి. రెండూ వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచి, ఐఎన్ఆర్‌ని (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూపే పరీక్ష అంకె) హద్దు దాటించగలవు. చిగుళ్ళ రక్తం, కారణం లేని కమిలిన మచ్చలు, నల్లటి విరేచనం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

గాన్‌చావ్ ఉందేమో కూడా చూడండి. అది మన అతిమధురం జాతిదే. రోజూ తాగితే ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచి బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. బీపీకి నీరు పోయే మాత్ర వేసుకునేవాళ్ళకి మరీ ప్రమాదం.

జవాబు (కషాయంకుండ):
డాక్టరు సరేనన్నాకే కాచే సంగతి. కుక్కర్ వద్దు, ఇనుము, అల్యూమినియం గిన్నెలు అసలే వద్దు. మూలికల్లోని వగరు పదార్థాలు లోహంతో కలిసి కషాయం నల్లబడుతుంది. మట్టికుండ లేకపోతే పింగాణీ, గాజు పాత్ర చాలు.

మూలికలు మునిగి పైన రెండు వేళ్ళ ఎత్తు ఉండేలా చన్నీళ్ళు పోసి అరగంట నాననివ్వండి. ఎండు వేళ్ళను నేరుగా వేడినీళ్ళలో వేస్తే పైపొర బిగుసుకుని లోపలి సారం దిగదు. తెర్లాక సన్నసెగ మీద 20 నుంచి 30 నిమిషాలు కాచి వడకట్టాలి. మళ్ళీ నీళ్ళు పోసి 20 నిమిషాలు కాచి, రెండు వడపోతలూ కలిపి పొద్దున సగం, సాయంత్రం సగం తాగాలి.

ముందు కాచమన్న పొట్లంలో గవ్వలో, ఖనిజాలో అయితే వాటి సారం నెమ్మదిగా దిగుతుంది కాబట్టి ముందు పెడతారు. ఫూజీ అయితే కారణం వేరు. అది మన వత్సనాభి జాతి దుంప, శుద్ధి చేశాకే అమ్ముతారు. అందులో మిగిలే విషం ఎక్కువసేపు మరిగితేనే విరుగుతుంది. అరగంట నుంచి గంట దాకా, వైద్యుడు ఇంకా ఎక్కువ చెబితే అంతసేపూ, ఒంటరిగా మరగాలి. నీళ్ళు తగ్గితే మరుగుతున్న నీళ్ళే పోయండి, చన్నీళ్ళు పోస్తే మరుగు ఆగిపోతుంది. తాగాక పెదాలు, నాలుక తిమ్మిరెక్కితే ఇక ఒక్క గుక్క కూడా తాగించకుండా అంబులెన్స్ పిలవండి. గుండె లయ తప్పడం ఆ తర్వాతి దశ.

చివర్లో వేయమన్నది పుదీనా లాంటి వాసన ఆకులై ఉంటుంది. దించే ముందు 5 నిమిషాలు చాలు, ఎక్కువ కాస్తే నూనె ఆవిరైపోతుంది. వేడి ఎంత చెరుపు చేస్తుందో చూడాలంటే చింగ్‌హావ్ అనే మూలిక సంగతి ఉంది. నాలుగో శతాబ్దపు వైద్యుడు గ హోంగ్ దాన్ని కాచమనలేదు, నీళ్ళలో నానబెట్టి పిండి రసం తాగమన్నాడు. 1971లో చైనా శాస్త్రవేత్త తూ యూయూ తక్కువ వేడిలో, త్వరగా ఆవిరయ్యే ఈథర్ అనే ద్రవంతో సారం తీయడానికి ఆ మాటే దారి చూపింది. మలేరియా మందు ఆర్టెమిసినిన్‌కి 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది.

కళ్యాణి_సింగపూర్:
చాలా థాంక్సండీ. మరి సూదుల వల్ల రక్తం ఆగకుండా పోతుందా?

జవాబు (సూదిమొన):
ఐఎన్ఆర్ డాక్టరు చెప్పిన హద్దులో ఉంటే మోకాలి చుట్టూ పెట్టే సన్నసూదులకి సాధారణంగా చుక్క రక్తమో, చిన్న మచ్చో వస్తుంది. సూది మందం పావు మిల్లీమీటరే. తీశాక దూదితో రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టమనండి. రక్తం తీసే కప్పులు మాత్రం ఒప్పుకోవద్దు. వార్ఫరిన్ మాట సూదులు పెట్టే ముందే చెప్పాలి. కొత్త ప్యాకెట్ మీ ఎదుటే చింపాలి, వైద్యుడికి అక్కడి టీసీఎం (చైనా సంప్రదాయ వైద్యం) బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి.

బరువుగా, మొద్దుగా లాగినట్టు అనిపిస్తే మామూలే. కరెంటు కొట్టినట్టు పాదందాకా జివ్వుమంటే నరానికి తగిలినట్టు, వెంటనే చెబితే వెనక్కి లాగుతారు. ఖాళీ కడుపుతో తీసుకెళ్ళకండి, పడుకోబెట్టే పెట్టించండి, కూర్చుంటే కళ్ళు తిరగొచ్చు. షుగరు ఉండి పాదాలు మొద్దుబారితే మోక్సా (ఎండిన మూలిక కాల్చి పెట్టే) సెగ పెట్టనివ్వద్దు, కాలినా తెలియదు.

అరిగిన గుజ్జు సూదులతో తిరిగి రాదు. కొందరికి నొప్పి తగ్గుతుంది, ఆ వెసులుబాటులో తొడ కండరాల వ్యాయామం చేయించండి.