కొల్లేరు నీటిపై పీహెచ్‌డీ: అంశాన్ని ఎలా కుదించుకోవాలి?

ప్రశ్న

పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, రెండేళ్లుగా ఏలూరులో నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను. ఈసారి యూజీసీ నెట్ పరీక్షలో పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత వచ్చింది గానీ, పరిశోధకులకు నెలనెలా డబ్బు ఇచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ రాలేదు. కొల్లేరు కాలుష్యంపై పరిశోధన చేస్తానని ఒక ఆచార్యుల వద్దకు వెళితే, అంశం చాలా పెద్దదని, తగ్గించుకొని రమ్మని పంపించేశారు. ఎలా తగ్గించుకోవాలి? ఫెలోషిప్ లేకుండా చేరవచ్చా? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

ఆ ఆచార్యులు మీకు మేలే చేశారు. అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్ల అభయారణ్యమున్న ఆ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు మొదలుకొని మురుగు కాలువల దాకా ఎన్నో వచ్చి కలుస్తుండగా, నీరు సముద్రానికి చేరే దారి మాత్రం ఉప్పుటేరే. మొత్తాన్నీ ఒక్క థీసిస్‌లో పట్టలేరు. చేపల చెరువుల నీటిని వదిలే రోజుల్లో ఒక కాలువ కలిసేచోట భాస్వరం ఎంత మారుతుందన్న ప్రశ్నకైతే మూడు నాలుగేళ్లలో జవాబు చెప్పగలరు.

నమూనా తీసే వేళను కూడా ముందే నిర్ణయించుకోండి. నా అంశం వేరే చెరువు. మొదటి ఏడాదంతా బస్సు దిగి గట్టు చేరేసరికి పదకొండు దాటేది, అప్పుడే సీసాలు నింపేవాడిని. ఆక్సిజన్ కొలవడానికి మాంగనీస్ సల్ఫేటు, క్షార అయొడైడు వేయగానే చిక్కని గోధుమరంగు మడ్డి పేరుకునేది. ఆక్సిజన్ పుష్కలంగా ఉందని రాసుకున్నాను. ఒకసారి రాత్రి అక్కడే ఉండిపోయి తెల్లవారుజామున అదే చోట నింపితే మడ్డి దాదాపు తెల్లగా దిగింది, అంటే ఆక్సిజన్ దాదాపు లేదన్నమాట. నాచు పగలు ఆక్సిజన్ విడుదల చేస్తుందని, రాత్రి అదే నీటిలోని జీవులన్నీ దాన్ని వాడేస్తాయని పాఠంలో చదివినవాడినే! ఆ ఏడాది లెక్కలన్నీ పక్కన పెట్టాను.

రెండో సమాధానం

డబ్బు సంగతి చెబుతాను. జేఆర్‌ఎఫ్ ఉంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000 వస్తాయి. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం కోర్స్‌వర్క్‌తో (మొదట్లో చదవాల్సిన పాఠాలతో) కలిపి కనీస గడువు మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. ఆరేళ్లూ ఇంటి డబ్బుతో నెట్టుకురావడం కష్టం కనుక, ప్రాజెక్టు నిధులున్న గైడును వెతకండి. ఆ ప్రాజెక్టు ఎప్పుడు ముగుస్తుందో మొహమాటపడకుండా అడగండి. మీ నెట్ మార్కులు ప్రవేశానికి ఏడాదే చెల్లుతాయి. చేరాక కూడా, వయోపరిమితి దాటనంతవరకు, జేఆర్‌ఎఫ్ కోసం మళ్లీ రాయవచ్చు.

మూడో సమాధానం

కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం. అందువల్ల 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద శాస్త్రీయ అధ్యయనానికి అనుమతి తీసుకోవాలి. కోర్స్‌వర్క్ నడుస్తుండగానే గైడు సంతకంతో దరఖాస్తు పెట్టండి. వర్షాకాలం దాటిపోతే మళ్లీ ఏడాది ఆగాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. తమ్మిలేరు కలిసే చోటునే తీసుకొని, భాస్వరం వరకే రాసుకొని ఆచార్యుల వద్దకు మళ్లీ వెళతాను. తెల్లవారకముందే పడవ వేసే మనిషిని మాత్రం ఇప్పటినుంచే వెతుక్కోవాలి.