అప్‌డేట్: మోటర్ మెసేజ్‌ను ఫోన్ చదువుడు సెట్ అయింది

అన్నలందరికీ థాంక్స్. కొత్తగ చూసెటోళ్లకు చెప్తున్న, దేవరకొండ దిక్కు మా బత్తాయి తోటల బోరు స్టార్టర్‌కు సిమ్ ఉంటది, మోటర్ ఆన్ అయినా ఆగినా ఇంగ్లీషుల మెసేజ్ కొడ్తది, నాయినకు చదువు రాదు కాబట్టి మాక్రోడ్రాయిడ్ అనే యాప్‌ల (ఫోన్ పనులు దానంతటవే అయ్యేటట్టు చేసేది) ఆ మెసేజ్ రాంగనే ఫోన్ తెలుగుల చెప్పేటట్టు పెట్టిన, కానీ స్క్రీన్ ఆఫ్ అయి కొంచెంసేపైతే చాలు సప్పుడు లేదు, ఎందుకని అడిగిన.

బ్యాటరీ సేవింగ్ అని మీరు చెప్పిందే కరెక్ట్. 2015ల ఆండ్రాయిడ్ 6తోని డోజ్ అనే బ్యాటరీ సేవింగ్ పద్ధతి వచ్చింది, చార్జింగ్ లేకుండ, కదలకుండ, స్క్రీన్ ఆఫ్‌ల ఉంటే బ్యాక్‌గ్రౌండ్ పనులు ఆపి పెడ్తది, దానిమీద కొన్ని ఫోన్ కంపెనీలు సొంతంగ ఇంకో కోత పెడ్తయి. మాక్రోడ్రాయిడ్ యాప్ ఇన్ఫోల బ్యాటరీ అన్‌రెస్ట్రిక్టెడ్ చేసిన, ఆటోస్టార్ట్ ఆన్ చేసిన, రీసెంట్స్‌ల (ఈమధ్య తెరిచిన యాప్‌ల లిస్టుల) దానికి లాక్ వేసిన, అంతే.

ఇప్పుడు రాత్రి కరెంటొస్తే "మోటర్ నడుస్తుంది" అని మంచం కాడికే వినపడ్తది, నాయిన టార్చ్ పట్టుకొని చీకట్ల, పాములు తిరిగే గట్ల మీద పోవుడు తప్పింది. ఎన్ని టు-డూ యాప్‌లు వాడినా నాకు ఇంత సంతోషం కాలే.

ఇగ నీళ్లు లేక మోటర్ ఆగిన మెసేజ్ మాత్రం నాయిన బటన్ నొక్కేదాక చదువుతనే ఉండాలె, దానికి లూప్ పెడ్తున్న.