డైనోసార్ అంటే భయపడే పిల్లాడికి ఎట్లా చెప్పాలి?

ప్రశ్న: మాది కావలి. బాబుకి అయిదేళ్లు. ఫోన్‌లో డైనోసార్ వీడియో చూసిన కాడి నుంచి రాత్రి లైటు ఆర్పనివ్వడం లేదు, కిటికీలోంచి వస్తుందంట!

జవాబు 1: ముందు ఆ వీడియోలు ఆపక్కా. 6.6 కోట్ల ఏళ్ల కిందటే పోయాయంటే మా పాప "తాతకన్నా ముందా?" అంది, అంకెలు వాళ్లకి ఎక్కవు. మైపాడు బీచ్‌లో ఇసుక మీద బారపాసారస్ అనే డైనోసార్ తొడ ఎముక గీశా, అదొక్కటే సుమారు 1.7 మీటర్లు, పక్కన వాళ్ల నాన్నని పడుకోబెడితే ఒకటే నవ్వు. ఆకులు తినేదే కదా, మన ఒంగోలు ఎద్దుకి పెద్దన్న అని చెప్పా.

జవాబు 2: హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది, ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లిలో దొరికింది. భయం కాస్త తగ్గాక తీసుకెళ్లండి.

అడిగినామె: మాకు తుమ్మలపెంట బీచ్ దగ్గర, ఆదివారం పోతాం. పడుకోడానికి ఆయన ఒప్పుకోవాలి!