నలభై వేలున్నాయి: శాంప్లర్ కొనాలా, ల్యాప్‌టాప్‌తోనే నడిపించాలా?

గడియారం_సెంటర్
అందరికీ నమస్తే. మాది నల్గొండ. మూడేళ్లుగా పాత ల్యాప్‌టాప్‌లో ఎఫ్ఎల్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని హిప్ హాప్ బీట్లు చేస్తున్నా. ఈ పెళ్లిళ్ల సీజన్‌లో డీజే సౌండ్ వాళ్ల వెంట తిరిగి 40 వేలు పోగేశా. మా బ్యాచ్‌లో ర్యాప్ రాసేవాడు "మౌస్‌తో చేసిన బీటుకు ప్రాణం ఉండదు, ఎంపీసీ లాంటి శాంప్లర్ డబ్బా కొను, శబ్దాలు లోపల పెట్టుకుని ప్యాడ్ల మీద వేళ్లతో వాయించొచ్చు" అని చెవిలో జోరీగలా పోరు పెడుతున్నాడు. ఇంకొకడు ఆ డబ్బుతో ర్యామ్ వేయించి, మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కో అంటున్నాడు. నేను ఎక్కువగా వాడేది మన డప్పు, ఒగ్గు డోలు శబ్దాలు. మీరైతే ఏం చేస్తారు?

పాలమూరు_బేస్
కొనెయ్ తమ్మీ, ఆలోచించకు. ఈ సంగీతం పెరిగిందే చాలీచాలని మిషన్ల మీద. 1987లో వచ్చిన ఈ-మ్యూ ఎస్‌పీ-1200లో మొత్తం కలిపి పట్టేది 10 సెకన్ల శబ్దం. అందుకే 33 స్పీడు రికార్డును 45లో తిప్పి, ఆ గబగబా పాటనే లోపలికి తీసుకుని, మిషన్‌లో మళ్లీ కిందికి దించేవాళ్లు. జాగా కలిసొచ్చేది. అట్లా దించినప్పుడు శబ్దానికి ఒక గరగర అంటుకునేది. ఇవాళ పాత సౌండ్ అని మనం మురిసిపోయేది దాన్నే.

నా దగ్గర రోలాండ్ ఎస్‌పీ-404 మార్క్ 2 ఉంది. ఆరు పెన్సిల్ బ్యాటరీలు వేస్తే కరెంటు లేకున్నా నడుస్తుంది. మొన్న జడ్చర్ల అవతల మా బావి కాడ కూర్చుని బీట్ చేశా. అదే ల్యాప్‌టాప్ తెరిస్తే ముందు వాట్సాప్, ఆనక యూట్యూబ్, ఆనక నిద్ర. పైగా దాంట్లో ప్యాడ్ ఇప్పుడు కొడితే శబ్దం తీరిగ్గా వస్తది.

మిర్యాలగూడ_లూప్
అన్నా, బావి కాడి ముచ్చట బాగుంది. కానీ నిద్ర వచ్చేది నీకు, ల్యాప్‌టాప్‌కు కాదు.

ఆలస్యం సంగతి చూద్దాం. కంప్యూటర్ శబ్దాన్ని కొంత కొంత పోగేసి బయటికి పంపుతుంది, ఆ పోగే బఫర్. సెకనుకు 44,100 శాంపిళ్ల దగ్గర బఫర్ 512 పెడితే ఒక్క బఫర్‌కే 11.6 మిల్లీసెకన్లు పోతాయి, చేతికి తెలుస్తుంది. 128కి దించితే 2.9. తక్కిన దారిలో ఇంకాస్త పడుతుంది కానీ వాయించడానికి అడ్డం రాదు. చాలామంది ఈ ఆలస్యం తగ్గించే ఆసియో డ్రైవర్ వేసుకోకుండా సాఫ్ట్‌వేర్‌ను తిడతారు.

ఇక ప్రాణం. రోజర్ లిన్ డిజైన్ చేసిన ఎంపీసీ 60 1988లో వచ్చింది. అందులో తాళంలోని ఒక్కో బీటును 96 ముక్కలు చేస్తారు. ఎఫ్ఎల్ తెరవగానే ఉండేదీ 96నే. 90 టెంపోలో, అంటే నిమిషానికి 90 బీట్లు పడితే, ఒక్కో ముక్క 7 మిల్లీసెకన్ల లోపే. ఎంపీసీ స్వింగ్ అని అందరూ చెప్పుకునేది కూడా లెక్కే: పావు బీటు దెబ్బల జంటలో రెండో దెబ్బను కొంచెం వెనక్కి జరపడం. 50 శాతం అంటే సూటిగా ఉన్నట్టు. అదే టెంపోలో 58 పెడితే రెండో దెబ్బ దాదాపు 27 మిల్లీసెకన్లు వెనక పడుతుంది. ఈ పని మౌస్‌తో ఎందుకు కాదు? 2003లో అమెరికా ర్యాపర్ జే-జీ ఆల్బమ్‌లో ఒక పాటకు నైన్త్ వండర్ బీట్ చేసింది ఫ్రూటీ లూప్స్‌లోనే, అంటే మన ఎఫ్ఎల్‌లోనే. అప్పుడు కూడా దాన్ని బొమ్మ అని వెక్కిరించేవాళ్లు ఉన్నారు.

పాలమూరు_బేస్
లెక్క సరే. మరి అమెరికా బీట్ మేకర్ జే డిల్లా సంగతి? ఆయన ఎంపీసీ 3000 ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. క్వాంటైజ్, అంటే దెబ్బలను గీతకు లాగి సరిచేసేది, ఆపేసి వేళ్లతో వాయించాడు కాబట్టే ఆ తూగు వచ్చిందని అంటారు. అందులో 58 శాతం ఎక్కడుంది?

మిర్యాలగూడ_లూప్
నువ్వే చెప్పావు కదన్నా, ఆపేశాడని. నా ల్యాప్‌టాప్‌లో కూడా ఆ బటన్ ఉంది. ప్యాడ్లు ఉన్న చిన్న కంట్రోలర్ తగిలిస్తే వేళ్లూ ఉంటాయి.

సిటికెన_పుల్ల
మధ్యలో వస్తున్నా, ఏమనుకోవద్దు. మాది దేవరకొండ వైపు. మా తాత, నాన్న డప్పు కొట్టేవాళ్లు, నేనూ కొడతాను. ఇందాకటి నుంచి చూస్తున్నా, డబ్బా గురించి ఇంత కొట్లాట, అందులో పోసే శబ్దం గురించి ఒక్క మాట లేదు.

తమ్ముడూ, నువ్వు డప్పు వాడతానన్నావు. ఎక్కడ రికార్డు చేశావు? కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల. సిర్ర లావుగా, పొట్టిగా ఉండి గుండెల మీద పడుతుంది. సిటికెన పుల్ల సన్నగా, పొడుగ్గా ఉంటుంది, అంచున చిటచిటమంటుంది. మీ బీట్లలో చాలావాటిలో సిర్ర ఒక్కటే వినిపిస్తుంది. ఫోన్ మైకులో తీసి, దాన్ని వాట్సాప్‌లో పంపించుకుంటే ఆ సన్నది ముందు చస్తుంది.

ఇంకోటి. డప్పును గడ్డి మంట మీద కాచి శ్రుతికి తెస్తాం. కాచిన వెంటనే ఖంగుమంటుంది. చల్లగాలికి పోను పోను తోలు వదులై గొంతు దిగుతుంది, మళ్లీ కాచాల్సిందే. ఊరేగింపు మొదట్లో తీసిన ముక్క, చివర్లో తీసిన ముక్క పక్కపక్కన పెట్టి లూప్ చేస్తే ఒకటి పెళ్లికొడుకు, ఒకటి తాగి పడుకున్న మామ. ఏ డబ్బా కొన్నా ఈ బాధ తప్పదు.

క్వాంటైజ్ గురించి కూడా ఒక మాట. ముగ్గురం కొడితే ముగ్గురి దెబ్బ ఒక్కచోట పడదు, ఆ వెడల్పులోనే డప్పు గుంపుగా వినిపిస్తుంది. దాన్ని గీతకు లాగితే ఒక్కడే గట్టిగా కొట్టినట్టు ఉంటుంది.

(మీకు సంబంధం లేకపోయినా చెప్తా: ఒకరు పార్టీ పాటకు సావు దెబ్బ పెట్టారు. మా వాడకట్టులో ముసలోళ్లు విని ఎవరు పోయారని అడిగారు.)

గడియారం_సెంటర్
అన్నా, నిజంగా సిగ్గేసింది. నా డప్పు శబ్దాల్లో సగం వాట్సాప్‌లో వచ్చినవే. మిగతావి మా బాబాయి దగ్గరున్న పాత జానపద క్యాసెట్ల నుంచి తీసినవి.

కోర్టు_పక్షి
క్యాసెట్ మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్ మీద హక్కు 60 ఏళ్లు ఉంటుంది, అది విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి లెక్క. పాట తాతలనాటిదే కావచ్చు, క్యాసెట్ మాత్రం కాదు. రెండు సెకన్లే కోశాం, ఏం కాదులే అనే మాట చట్టంలో ఎక్కడా లేదు. ఇంట్లో నేర్చుకోవడానికైతే సరే, అమ్మే పాటలో పెట్టాలంటే అడిగి పెట్టు.

పాలమూరు_బేస్
సరే, నేనూ ఒక నిజం ఒప్పుకుంటా. ఇప్పుడున్న దానికంటే ముందు ఒక సెకండ్ హ్యాండ్ శాంప్లర్ కొన్నా. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి డబ్బు పంపా. వచ్చాక చూస్తే పదహారు ప్యాడ్లలో మూడు మూగవి, ఇంకొకటి ఒకసారి కొడితే రెండుసార్లు మోగుతుంది. అమ్మినవాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. బాగుచేసేవాళ్ల కోసం హైదరాబాద్‌కు మూడుసార్లు తిరిగా. బస్సు కిరాయి కలుపుకుంటే కొత్తదే వచ్చేది. కాబట్టి తమ్మీ, పాతదైతే చేత్తో కొట్టి చూడకుండా పైసా ఇవ్వకు.

ఇంకోటి కూడా చెప్పాలి. బావి కాడ చేసిన బీటును చివరికి ల్యాప్‌టాప్‌లోనే మిక్స్ చేశా. అయినా నా మాట మీదే ఉన్నా. మొదలుపెట్టేటప్పుడు కళ్ల ముందు స్క్రీన్ లేకపోతే చెవి పనిచేస్తది.

మిర్యాలగూడ_లూప్
ఇదైతే ఒప్పుకుంటా. నేను కూడా ఒక్కోసారి స్క్రీన్ మీద తువ్వాల కప్పి వాయిస్తా. నవ్వకండి, ఖర్చు లేని హార్డ్‌వేర్.

తమ్ముడికి నా లెక్క: ప్యాడ్ కంట్రోలర్ ఒకటి, చేతిలో పట్టే రికార్డర్ ఒకటి, ర్యామ్. ఇంకా మిగులుతాయి. ఎఫ్ఎల్ క్రాక్‌ది, అంటే దొంగ కాపీ, వాడుతుంటే మాత్రం ముందు దాన్ని కొను. ఒకసారి కొంటే అప్‌డేట్లు జీవితాంతం ఉచితం.

గడియారం_సెంటర్
దొరికిపోయా. క్రాక్‌దే. అది కొంటా, రికార్డర్ కూడా. శాంప్లర్ సంగతి వచ్చే సీజన్‌లో చూస్తా, మా ర్యాపర్‌కు కోపం వస్తే రానీ. సిటికెన_పుల్ల అన్నా, ఆదివారం దేవరకొండ వస్తే మీరు కొడుతుంటే రికార్డు చేసుకోనిస్తారా? డబ్బులు ఇస్తా, పాట కింద పేర్లు కూడా వేస్తా.

సిటికెన_పుల్ల
రా తమ్ముడూ. ముగ్గురం ఉంటాం. ఊళ్లోకి కాదు, గుట్ట దగ్గరికి రా, ఊళ్లో ట్రాక్టర్ల మోత. పొద్దెక్కకముందే రావాలి, తర్వాత గాలి లేస్తుంది, నీ మైకులో అదే ఉంటుంది. వచ్చేటప్పుడు నాలుగు గుప్పిళ్ల గడ్డి పట్టుకురా, మా దగ్గర అయిపోయింది.