సిరియా యుద్ధం చెప్పడానికి లండన్ పాప ఎందుకు? 2014 నాటి ‘రోజుకో సెకను’ ప్రకటన మీద చర్చ

మూవియోలా:
సిరియా యుద్ధం మొదలై మూడేళ్లు నిండినప్పుడు, 2014 మార్చిలో, బ్రిటన్‌లోని సేవ్ ది చిల్డ్రన్ సంస్థ ఒకటిన్నర నిమిషం ప్రకటన వదిలింది. దర్శకుడు మార్టిన్ స్టర్లింగ్. చూడనివాళ్ల కోసం కథ చెప్తాను. లండన్‌లో ఒక పాప పుట్టినరోజు, కేకు, కొవ్వొత్తులు. అక్కణ్ణుంచి ఏడాది జీవితం సెకను ముక్కలుగా. ఆటలు, బడి, వెనకాల ఎక్కడో వార్తలు. తర్వాత కరెంటు పోతుంది, ఇల్లు వదిలి పరుగు, నాన్న విడిపోవడం, మొహానికి గ్యాస్ మాస్కు. చివర్లో మళ్లీ పుట్టినరోజు. మంచం మీద పాప, ఒక్క కొవ్వొత్తి, కోరిక కోరుకోమంటున్న అమ్మ గొంతు.

నేను ఎడిటింగ్ టేబుల్ మీద బతికేవాణ్ణి కాబట్టి నాకు నచ్చింది ఇది: యుద్ధం షాట్లలో కంటే షాట్‌కీ షాట్‌కీ మధ్య, కట్ దగ్గరే ఎక్కువ జరుగుతుంది. ఒక సెకనులో ఇంట్లో ఉంటుంది, కాసేపటికి రోడ్డు మీద ఉంటుంది. మధ్యలో ఏమైందో మన బుర్రే నింపుకోవాలి. ఫ్రేమ్ మాత్రం పాప మొహాన్ని వదలదు. పెద్దవాళ్లంతా అంచుల్లో ఉండిపోతారు. మొదట్లో కెమెరాకేసి నవ్విన పిల్లే చివర్లో అదే కెమెరాకేసి చూస్తుంది, ఈసారి నవ్వదు. ఇంతకంటే పొదుపైన ప్రకటన నేను చూడలేదు. ఒప్పుకోనివాళ్లు రండి.

గోదారి గట్టు:
వచ్చాను. కత్తిరింపు బాగుంది, కాదనను. కానీ సిరియా పిల్లల కోసం తీసిన సినిమాలో సిరియా పిల్ల ఏదండీ? చివరి అక్షరాల దాకా ఆ దేశం పేరే వినిపించదు. తెల్లపిల్ల ఏడిస్తేనే ఏడుపు అన్నమాట!

ఆ సంస్థ పుట్టుక ఒకసారి గుర్తు చేసుకోండి. 1919లో ఎగ్లంటైన్ జెబ్ అనే ఆవిడ ఆకలితో చిక్కి శల్యమైన ఆస్ట్రియా పిల్లల ఫొటోలున్న కరపత్రాలు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పంచి అరెస్టయింది. 5 పౌండ్లు జరిమానా కూడా వేశారు. ఆస్ట్రియా అంటే నిన్నటిదాకా బ్రిటన్ యుద్ధం చేసిన శత్రుదేశం. ఆ శత్రువు బిడ్డనే ఉన్నదున్నట్టు చూపించి ‘వీళ్లూ పిల్లలే’ అంది ఆవిడ. 95 ఏళ్ల తర్వాత అదే సంస్థకి వేరే దేశం బిడ్డని చూపించే ధైర్యం లేక, బిడ్డనే మార్చేసింది. దీన్ని టెక్నిక్ అందామా, వెనకడుగు అందామా?

సౌండ్ బాబాయ్:
మీరిద్దరూ బొమ్మ గురించే కొట్టుకుంటున్నారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకుని వినండి ఒకసారి. సగం కథ శబ్దంలోనే ఉంది. వార్తలు పాప వినదు, ఇంట్లో ఎవరూ సరిగ్గా వినరు, మనమూ మొదటిసారి వినం. రెండోసారి చూసినప్పుడు దొరుకుతుంది: అరె, మొదట్నుంచీ చెప్తూనే ఉన్నారే అని. దానికితోడు ప్రతి కట్ దగ్గరా శబ్దం ఠక్కున తెగుతుంది, పక్క షాట్‌లోకి జారనివ్వడు. మామూలుగా మేం కట్ కనపడకుండా శబ్దంతో అతుకు వేస్తాం. ఇక్కడ అతుకే లేదు, అందుకే ఒళ్లు జలదరిస్తుంది. వయొలిన్ కూడా పెట్టలేదు మహానుభావులు. మన దగ్గరైతే మొదటి సెకను నుంచే ఏడిపించేవాళ్లం.

మూవియోలా:
గట్టు గారూ, మీ మాటకి ఒక ఎదురు మాట. 2015 సెప్టెంబరులో టర్కీ ఒడ్డున చనిపోయి పడి ఉన్న సిరియా పసివాడు అలాన్ కుర్దీ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. చూపించొచ్చా అని ఆ పసివాణ్ణి ఎవరు అడిగారు? మరుసటి ఏడు అలెప్పోలో దుమ్ము, నెత్తురు నిండిన మొహంతో అంబులెన్సులో కూర్చున్న ఒమ్రాన్ అనే పిల్లాణ్ణి ఎవరు అడిగారు? నిజం పిల్లల్ని చూపిస్తే వాళ్ల దుఃఖాన్ని అమ్ముకున్నారంటాం. నటితో తీస్తే నిజం పిల్లలేరీ అంటాం. లండన్ పాప షూటింగ్ అవగానే మొహం కడుక్కుని ఇంటికెళ్లింది. నాకు ఆ తేడా చిన్నదిగా కనిపించడం లేదు.

గోదారి గట్టు:
ఆ తేడా నేనూ ఒప్పుకుంటాను. అయినా నా అసలు గొడవ అది కాదు, మొదటి పోస్టులో సరిగ్గా చెప్పలేకపోయాను. కెమెరా పాప మొహం వదలదని మెచ్చుకున్నారు చూడండి, అక్కడే ఉంది తిరకాసు. పాపకి తెలిసినంతే మనకీ తెలుస్తుంది. బాంబు ఎవరు వేశారు, ఎందుకు వేశారు, ఆయుధాలు ఎవరు అమ్మారు, ఏమీ ఉండదు. యుద్ధం తుపానులా దానంతటదే వచ్చిపడినట్టు ఉంటుంది. అసలు సిరియాలో నిప్పు రాజుకున్నదే పిల్లల దగ్గర. దరా ఊళ్లో గోడ మీద ప్రభుత్వానికి వ్యతిరేకంగా రాతలు రాశారని 2011లో బడిపిల్లల్ని పట్టుకెళ్లి హింసించారు, జనం రోడ్డెక్కారు. ఆ పిల్లలు బాధితులే, కానీ ఏదో ఒకటి చేసిన పిల్లలు కూడా. ఈ ప్రకటనలో పాప ఏమీ చెయ్యదు, ఆమెకి అన్నీ జరుగుతాయి.

జాలి ఎన్నాళ్లుంటుందంటారా, అలాన్ ఫొటో వచ్చిన వారంలో స్వీడన్ రెడ్‌క్రాస్‌కి రోజూ వచ్చే విరాళాల సంఖ్య 100 రెట్లు పెరిగిందని పరిశోధకులు లెక్క తేల్చారు. కొద్ది వారాల్లోనే మళ్లీ దిగిపోయాయి.

పాల్వంచ పిల్ల:
చాలా రోజులుగా చదవడమే తప్ప రాయలేదు. ఆ ప్రకటన చివర్లో ఒక వాక్యం పడుతుంది: ఇక్కడ జరగనంత మాత్రాన అసలు జరగట్లేదని కాదు, అన్న అర్థంలో. నేను ఆ ‘ఇక్కడ’ దగ్గరే ఆగిపోయాను. అది లండన్ వాళ్ల ఇక్కడ. మన ఇక్కడ ఎక్కడ?

మా జిల్లా అడవుల్లో గుత్తికోయ ఆదివాసుల గుంపులున్నాయి. 2005 నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ వైపు సల్వాజుడుం (ప్రభుత్వ అండతో మావోయిస్టుల మీదికి వెళ్లిన సాయుధ గుంపులు), మావోయిస్టుల మధ్య నలిగి, ఊళ్లు తగలబడి, సరిహద్దు దాటి ఖమ్మం అడవుల్లోకి వచ్చినవాళ్లు. యుద్ధంలో పిల్లలంటే మాకు బస్సెక్కితే కనిపించే దూరం. మా అమ్మ అంగన్‌వాడీ టీచరు. పేర్లు రాసుకునేటప్పుడు పుట్టిన తేదీ అడిగితే తల్లులు ‘ఇప్పపూలు రాలేటప్పుడు’ అంటారట. ఫారంలో అది పట్టదు కాబట్టి జనవరి 1 వేసేస్తారు.

ఇప్పుడు చెప్పండి మూవియోలా అన్నా, ఆ ప్రకటన నిలబడ్డదే రెండు పుట్టినరోజుల మీద. కేకు, కొవ్వొత్తి, కోరిక. పుట్టినరోజే లేని పిల్ల కథకి ఆ ఫ్రేము పనికొస్తుందా? పాప రంగు ఒక్కటే కాదు, ఆ కథ కట్టిన తీరే ఒక రకం ఇంటిది.

మూవియోలా:
రాత్రి నుంచి దీని గురించే ఆలోచిస్తున్నా చెల్లీ. అది బ్రిటిష్ వాళ్ల కోసం కోసిన చొక్కా, వాళ్లకి సరిపోయింది. 2016లో అదే పాపతో రెండో భాగం తీశారు, ఈసారి శరణార్థిగా దేశం దాటుతుంది. అదీ వాళ్ల గుమ్మం ముందుకొచ్చిన సమస్య కాబట్టే తీశారు. మన చొక్కా మనమే కుట్టుకోవాలి. నువ్వైతే మొదటి సెకను ఏం పెడతావు?

పాల్వంచ పిల్ల:
ఇప్పపూలు ఏరడం. చీకటి ఉండగానే వెళ్తారు. చివరి సెకను కూడా అదే, చెట్టు మాత్రం వేరే. బొమ్మలో ఆ తేడా ఎవరూ కనిపెట్టలేరు, మొదటిదాంట్లో ఊరి శబ్దం ఉంటుంది, రెండోదాంట్లో ఉండదు.

గోదారి గట్టు:
మొహాలు చూపిస్తావా? ఊళ్లు ఖాళీ చేయమని ఒత్తిడిలో ఉన్నవాళ్లు వాళ్లు.

పాల్వంచ పిల్ల:
లేదండీ, చేతులూ బుట్టలే. ముందు అమ్మతో వెళ్లి వాళ్లని అడగాలి, వద్దంటే లేదు. మార్చిలో పూలు మొదలవుతాయి. ఫోన్ మైకుతో ఆకుల చప్పుడు రావట్లేదు, చిన్న రికార్డరు ఎక్కడైనా అద్దెకిస్తారా?

సౌండ్ బాబాయ్:
అద్దె ఎందుకమ్మా, నాది బీరువాలో పడి ఉంది. గాలి హోరు రాకుండా బొచ్చు తొడుగు కూడా పంపుతా. తెల్లవారుజామున మంచుకి బ్యాటరీలు త్వరగా అయిపోతాయి, రెండు జతలు జేబులో పెట్టుకో.