రియల్‌టైమ్ సాఫ్ట్‌వేర్‌లో హీప్ బదులు పూల్: పరిమాణాలు ఎలా నిర్ణయించాలి?

64 కిలోబైట్ల ర్యామ్ ఉన్న మైక్రోకంట్రోలర్‌పై ఫ్రీఆర్‌టీఓఎస్ అనే రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో మోటారు నియంత్రణ ప్రోగ్రామ్ రాస్తున్నాను. వేర్వేరు పొడవుల్లో వచ్చే సందేశాల కోసం హీప్ (అవసరమైనప్పుడు కావలసినంత ఇచ్చే మెమరీ ప్రాంతం) నుంచి, అందులోని హీప్_4 అనే కేటాయింపు పద్ధతితో మెమరీ తీసుకొని, పని ముగిశాక విడుదల చేస్తున్నాను. పక్కపక్కనున్న ఖాళీ ముక్కలను అది కలుపుతుందని తెలిసినా, కొన్ని రోజులు నిరంతరాయంగా నడిచిన తరువాత, మొత్తం 9 కిలోబైట్లు ఖాళీగా ఉండగానే 1 కిలోబైటు కేటాయింపు విఫలమైంది. దీనికి ఫ్రాగ్మెంటేషనే (ఖాళీ మెమరీ చిన్న చిన్న ముక్కలుగా చెదిరిపోవడమే) కారణమని భావిస్తున్నాను. అంతకంటే నన్ను కలవరపెడుతున్న విషయం, ఖాళీ ముక్కను వెతకడానికి పట్టే గరిష్ఠ సమయాన్ని ముందుగా కచ్చితంగా చెప్పలేకపోవడం. 1 మిల్లీసెకను గడువున్న టాస్కుకు ఇది ప్రమాదకరం. సి భాషలో సురక్షితంగా ప్రోగ్రాములు రాయడానికి ఉద్దేశించిన మార్గదర్శకాలైన మిస్రా సి 2012లోని 21.3 నియమం, మెమరీని తీసుకొనే, విడుదల చేసే మాలక్, ఫ్రీ ఫంక్షన్లను నిషేధించడానికి కారణం ఇప్పుడు బాగా అర్థమవుతోంది.

స్థిర పరిమాణపు బ్లాకుల పూల్‌కు (ముందే సమాన బ్లాకులుగా విభజించి ఉంచిన మెమరీకి) మారితే, బ్లాకుల పరిమాణాన్ని, సంఖ్యను ఏ కొలతల ఆధారంగా నిర్ణయించాలి? పూల్ నిండినప్పుడు సందేశాన్ని వదిలేయడం మేలా, పంపే టాస్కును ఆపడం మేలా? అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.